మూడు వందల బీడీల కుర్మా

"రాత్రికేం వండుతున్నావ్?"

ఈ ప్రశ్న వినని ఇల్లాలు ఉంటే ఆవిడకు నా నమస్కారాలు. ఆఫీసు నుంచి వచ్చిన మనిషి చెప్పులు విడుస్తూ అడుగుతాడు. పిల్లలు పుస్తకాల సంచీ విసిరేస్తూ అడుగుతారు. ఎవరూ అడగనినాడు మనల్ని మనమే అడుక్కుంటాం. పొద్దుటి వంట హడావిడిలో గడిచిపోతుంది. ఉప్పెక్కువైనా, పులుపు తక్కువైనా బస్సు తప్పిపోతుందన్న భయంతో గబగబా తిని వెళ్లిపోతారు. రాత్రి అలా కాదు. అందరూ తీరిగ్గా కూర్చుంటారు. వంకలు పెట్టడానికి కూడా బోలెడంత తీరిక!

మొన్న మా అమ్మాయి కంచం ముందు కూర్చుని నిట్టూర్చింది. "ఎప్పుడూ అన్నం, పప్పు, ఓ కూర! అమ్మా, మీ జగిత్యాల వాళ్లకు కొత్త వంటలే తట్టవా?" అంటూ ఫోనులో ఏవేవో దేశాల వంటలు చూపించింది. కంచాలు కాదవి, ముగ్గులు!

నాకు చురుక్కుమంది. నాలుగు మాటలు అనబోయి ఆగిపోయాను. ఎందుకంటే సరిగ్గా ఇదే మాట నేను మా అమ్మను అన్నాను. నాకప్పుడు పదకొండేళ్లు.

మా అమ్మ బీడీలు చేసేది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, ఏ ఊళ్లో చూసినా సాయంత్రం అరుగుమీద ఒళ్లో చాట పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు కనబడేవారు. చాటలో తునికాకు, తంబాకు, కత్తెర, దారం. ఆకు కత్తిరించాలి, తంబాకు పోయాలి, చుట్టాలి, మూతి మడవాలి, దారం కట్టాలి. కూలి వెయ్యికింత అని లెక్క. చెయ్యి తిరిగిన మనిషికి వెయ్యి బీడీలంటే తొమ్మిది పది గంటల పని. మధ్యలో నీళ్లు మొయ్యాలి, పిల్లల్ని చూసుకోవాలి, వండాలి.

పక్కింటి టీచరమ్మ వారపత్రికలు తెప్పించేది. మడత నలగకుండా తిరిగివ్వాలన్న షరతుమీద నాకు చదువుకోనిచ్చేది. సీరియల్ అయిపోగానే నేను వంటల పేజీ పట్టేదాన్ని. ఒక వారం అందులో కూరగాయల కుర్మా రాశారు. క్యారెట్టు, బీన్సు, జీడిపప్పు, గసగసాలు, కొబ్బరి! చదువుతుంటేనే నోరూరింది. మా ఇంట్లో ఆ రాత్రి పచ్చిపులుసు. అంతకు ముందురాత్రి కూడా పచ్చిపులుసే. నేను కంచం పక్కకు నెట్టి, "నీకు వేరే వంట రానే రాదా?" అన్నాను.

అమ్మ ఏమీ అనలేదు. మర్నాడు సాయంత్రం చాట పక్కన పెట్టి చేతులు బూడిదతో తోముకుంది. ఎంత తోమినా ఆ చేతులకు తంబాకు వాసన ఉండేది. మా చిన్నప్పటి మొదటి ముద్దలన్నింటికీ ఆ వాసనే! "సదువు, ఏమేం గావాల్నో" అంది. నేను పత్రిక చూసి చదివాను. జీడిపప్పు అనగానే నవ్వి పల్లీలు తీసింది. క్యారెట్టు లేదు, ఆలుగడ్డ ఉంది. బీన్సు లేవు, చిక్కుడుకాయలున్నాయి. రోట్లో నూరడం, వేయించడం, ఉడికించడం, అన్నీ కలిసి మూడు గంటలు పట్టింది. కుర్మా అమృతంలా ఉంది. గిన్నె నాకేశాం.

తెల్లవారి బీడీలు అప్పగించడానికి వెళ్తే మూడు వందలు తక్కువ. లెక్క చూసేవాడు నలుగురిలో నానా మాటలూ అన్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆ మూడు వందలూ పూడ్చడానికి అమ్మ రెండు రాత్రులు దీపం ముందు కూర్చుంది. నేను ఏడుపు మొహంతో దగ్గరకు వెళ్తే, "కూర మంచిగున్నది గదా బిడ్డా, ఇగ పండుకో" అంది, అంతే.

పత్రికల్లో వంటలు రాసేవాళ్లు కొలతలన్నీ రాస్తారు. చెంచాడు, గరిటెడు, చిటికెడు. తయారీకి ఎన్ని నిమిషాలో కూడా రాస్తారు. ఆ నిమిషాలు ఎవరి జేబులోంచి పోతాయో మాత్రం రాయరు. మా ఊళ్ల రాత్రి భోజనం చరిత్రంతా ఆ రాయని లెక్కలోనే ఉందని నా అనుమానం. నవ్వకండి. రాజుల చరిత్ర కోటల్లో దొరుకుతుంది. జగిత్యాలలోనూ ఓ కోట ఉంది, నక్షత్రం ఆకారంలో. ఆడవాళ్ల చరిత్ర కావాలంటే మాత్రం పొయ్యి దగ్గర కూర్చోవాలి.

మా బాపమ్మ కాలంలో ఈ ప్రశ్నే లేదు. రాత్రికేం వండాలంటే గట్క వండాలి. జొన్నలో, మక్కలో ఇసుర్రాయిలో రవ్వగా విసిరి, మరిగే ఎసట్లో పోసి, అడుగంటకుండా తెడ్డుతో తిప్పితే గట్క. అందులోకి సల్ల పోసుకున్నా సరే, పుంటికూర తొక్కు నంజుకున్నా సరే. మిగిలింది పొద్దున సద్ది. వరి బువ్వ పండక్కో, చుట్టాలొస్తేనో. చెరువు కింద తరిపొలం ఉన్న ఇళ్ల సంగతి వేరు. మెట్ట చేలవాళ్లకు జొన్నే దేవుడు.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నిజాం సర్కారు లెవీ కింద రైతుల దగ్గర ధాన్యం పట్టుకుపోయిన కథలు బాపమ్మ చెబుతుండేది. ఎక్కడో యూరప్‌లో హిట్లర్ యుద్ధం చేస్తే ఇక్కడ మా గుమ్మి ఖాళీ అయింది! ఆ తర్వాత కూడా కూలీ జనానికి కూలి చాలాచోట్ల గింజల్లోనే కొలిచేవారు. పగలు కొలిచిన గింజలే రాత్రికి కుండలో ఉడకాలి. కొలత తగ్గితే గట్క పల్చనయ్యేది. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో వేలాదిమంది రైతుకూలీలు కదిలిన జైత్రయాత్ర గురించి మీరు వినే ఉంటారు. వెట్టి గురించి, భూముల గురించి, కూలి రేట్ల గురించి జరిగిన ఉద్యమం అది. ఆ ఏడే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. రాజకీయాలు నాకు అంతగా తెలియవు. కాని ఆ ఊరేగింపులో నడిచిన ప్రతి మనిషి వెనకా సాయంత్రానికి వెలగాల్సిన ఓ పొయ్యి ఉందని మాత్రం తెలుసు.

గట్క అనగానే అనాదిగా మనదే అనుకుంటాం. నేనూ అలాగే అనుకునేదాన్ని. తీరా చదివితే జొన్న పుట్టిల్లు ఆఫ్రికా అట! వేల ఏళ్ల కిందటే సముద్రం దాటి వచ్చి మన మట్టిలో కలిసిపోయింది. మక్క పుట్టిల్లు మెక్సికో వైపు. కొలంబస్ 1492లో అమెరికా చేరిన తర్వాత ఓడలెక్కి ప్రపంచమంతా తిరిగింది. మిరపకాయా, పల్లీ, ఆలుగడ్డా, టమాటా అన్నీ ఆ ఖండాల నుంచి వచ్చినవే. మిరప రాకముందు మన కారమంతా మిరియాలదే. అంటే మా బాపమ్మ ముత్తవ్వల్లో ఎవరో ఒకావిడ మొదటిసారి మక్కగట్క వండినప్పుడు, ఆ ఇంటి పిల్లలు "ఇదేం కొత్త వంట?" అని మూతి ముడిచే ఉంటారు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నారు గానీ, ఏ పాతయినా ఒకనాటి కొత్తే గదా!

అయితే మా ఊళ్లకు కొత్తవంటలు పుస్తకాలు చూసి రాలేదు. నీళ్లు వస్తే వచ్చాయి, పని మారితే వచ్చాయి, మనిషి దూరమైతే వచ్చాయి.

నీళ్ల సంగతి ముందు చెబుతాను. 1963లో పోచంపాడు దగ్గర నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. అదే తర్వాత శ్రీరాంసాగర్ అయింది. దాని కాకతీయ కాలువ మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల వైపు పారడానికి ఏళ్లు పట్టింది. పారాక మాత్రం జొన్నచేలు మడికట్లయ్యాయి. జగిత్యాల పక్కన పొలాసలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. అక్కడి నుంచి వచ్చిన జగిత్యాల సన్నాలు పేరు మీరు బియ్యం కొట్లో విని ఉండవచ్చు. కాలువ కింద పొలం లేనివాళ్లకు 1983లో ఎన్టీ రామారావుగారి కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాయి. అలా రెండు దారుల్లోనూ వరి బువ్వ మా రాత్రి కంచంలోకి నడిచొచ్చింది. బాపమ్మకు పట్టరాని సంబరం. "రోజూ పండుగే" అనేది. గట్క కుండ అటక ఎక్కింది. ఎవరింట్లోనైనా గట్క వండితే తలుపు ఓరగా వేసుకుని తినేవారు. పేదరికం బయటపడుతుందని సిగ్గు!

బువ్వయితే వచ్చింది గానీ దానిలోకి కూర? ఇక్కడే బీడీల చాట అడ్డొచ్చింది. చేతులు ఖాళీలేని ఆడవాళ్లు కనిపెట్టిన వంటలు చూడండి, వాటి తెలివి అర్థమవుతుంది.

పచ్చిపులుసుకు పొయ్యే అక్కర్లేదు. చింతపండు నానేసి పిసికి, పల్చగా నీళ్లు పోసి, ఉల్లిగడ్డ సన్నగా తరిగి వేసి, నిప్పుల మీద కాల్చిన పచ్చిమిరపకాయలు ఉప్పుతో నలిపి కలిపితే అయిపోయింది. జీలకర్ర, కొత్తిమీర, చిన్న బెల్లంముక్క. వేయించిన నువ్వుల పొడి ఓ చెంచాడు వేస్తే ఆ రుచే వేరు. పది నిమిషాల పని. నేను కంచం నెట్టేసిన పచ్చిపులుసు ఇదే!

ఇక సర్వపిండి. కొన్నిచోట్ల గంజుపిండి అంటారు, ఇంకోచోట తపాలచెక్క. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, ఉల్లాకు, కరివేపాకు, కారం, ఉప్పు వేసి గట్టిగా కలపాలి. సర్వకు లోపల నూనె రాసి, ముద్దను అడుగునా పక్కలకూ పల్చగా అదమాలి. వేలితో అక్కడక్కడ చిల్లులు పెట్టి, చిల్లుకో నూనెచుక్క వేసి, మూతపెట్టి సన్నని సెగమీద వదిలెయ్యాలి. తిప్పే పనిలేదు, కలిపే పనిలేదు. దానంతటదే ఎర్రగా కాలుతుంది. ఈలోగా ఎన్ని బీడీలవుతాయో అమ్మ నోటిలెక్కగా చెప్పేది. ఒక చిట్కా. కాగిన సర్వలో రెండోది అదమలేం, చెయ్యి కాలుతుంది. చల్లారేదాకా ఆగాలి. అందుకని మా ఇంట్లో రెండు సర్వలుండేవి. ఒకటి పొయ్యిమీద, ఒకటి నీళ్లల్లో.

సిరిసిల్ల కథ ఇంకొకటి. మా మేనత్తది మగ్గాల ఇల్లు. చేనేత పోయి మరమగ్గాలొచ్చాయి. పగలూ రాత్రీ షిఫ్టులు. ఆ టకటకలో మాట వినబడదు, సైగలతోనే సంసారం. చిన్నప్పుడు సెలవులకు కోరుట్ల నుంచి రుద్రంగి, వేములవాడ మీదుగా బస్సులో వెళ్లేవాళ్లం. అక్కడ రాత్రి షిఫ్టుకు పోయే మామయ్యకు అత్తమ్మ ఎప్పుడూ జొన్నరొట్టెలు, పల్లీల పొడి, ఉల్లిగడ్డ కట్టిచ్చేది. "ఒక్కనాడన్న పులుసు పెట్టవా అత్తమ్మా?" అని అడిగాను. "పులుసు చేతులతోని గుడ్డ ముడితే మరక వడ్తది బిడ్డా. ఆ మరక పైసలు ఆసామి మన కూలిల కోస్తడు" అంది. రుచులు నిర్ణయించేది నాలుక అనుకుంటాం. అక్కడ మరక నిర్ణయించింది!

ఆ పల్లీల పొడి సోలాపూర్ నుంచి వచ్చిందట. మా వైపు నేతగాళ్లు పనికోసం సోలాపూర్, భివండీ, బొంబాయి వెళ్లినవాళ్లే. వస్తూ వస్తూ ఎల్లిపాయ కారం దట్టించిన ఆ పొడి నేర్చుకొచ్చారు. మగ్గం ఆడితే అత్తమ్మ పొయ్యిమీద మాంసం ఉడికేది, చింతచిగురు వేసి. ఆగితే ఉప్పూ కారం. 2000 తర్వాత కొన్నేళ్లు ఆ ఊళ్లో నేతకార్మికుల ఆత్మహత్యల వార్తలు చదివి మనమంతా కంటతడి పెట్టుకున్నాం. ఆ రోజుల్లో మామయ్య ఇంటికి ఫోన్ చేసి "రాత్రి ఏం వండిన్రు?" అని అడగడానికి మాకు ధైర్యం చాలేది కాదు. 2017లో బతుకమ్మ చీరల పని వచ్చాక అత్తమ్మే ఫోన్ చేసి, "ఇయ్యాల కూర తెచ్చిండు మీ మామ" అని చెప్పింది. మా వైపు కూర అంటే మాంసమే లెండి.

ఇక కోరుట్ల. అక్కడికి మా చిన్నమ్మను ఇచ్చారు. 1973 తర్వాత చమురు ధర పెరిగి అరబ్బు దేశాల్లో పనులు పుట్టాయి. మా మూడు ఊళ్ల మగవాళ్లు దుబాయి, మస్కట్ దారిపట్టారు. ఇల్లు కట్టాలి, ఆడపిల్ల పెళ్లి చెయ్యాలి, అప్పు తీర్చాలి. చిన్నబాపు వెళ్లింది కూడా అందుకే. ఉత్తరాలు రాసే అలవాటు లేదు, టేపురికార్డరులో మాట్లాడి క్యాసెట్ పంపేవాడు. అందరం చుట్టూ కూర్చుని వినేవాళ్లం. ప్రతి క్యాసెట్టులోనూ ఒకే ప్రశ్న: "రాత్రి ఏం వండుకున్నరు?" చిన్నమ్మ దానికి జవాబు రికార్డు చేస్తూ, పచ్చిపులుసుతో తిన్ననాడు కూడా "కోడికూర" అని చెప్పేది. అక్కడ ఆయనా ఖుబ్బూస్ రొట్టె నీళ్లచారులో ముంచుకుని తింటూ "మాకిక్కడ బిర్యానీలు" అని చెప్పేవాడని తర్వాత తెలిసింది. ఇద్దరూ ఇద్దరే!

ఆ వలసతో ఎవరూ అనుకోని మార్పు ఒకటొచ్చింది. ఇంట్లో మంచినీళ్లు కూడా ముంచుకోని మగవాళ్లు అక్కడ ఒక్కో గదిలో పదిమంది ఉండి, వంతులవారీగా వండుకోవడం నేర్చారు. చిన్నబాపు తిరిగొచ్చిన వారంలోనే లుంగీ ఎగ్గట్టి పొయ్యి దగ్గర కూర్చున్నాడు. బగారన్నం, కోడికూర. మసాలా ఆయనే నూరాడు. చిన్నమ్మ పక్కన బీడీలు చేస్తూ, వీధి తలుపు గడియ పెట్టింది. ఇరుగుపొరుగు చూస్తే నవ్వుతారని! గట్క తిన్నప్పుడు పేదరికానికి సిగ్గుపడి మూసిన తలుపే, మొగుడు వండినప్పుడూ మూసుకుంది. ఆ రోజు చిన్నమ్మ వెయ్యిమీద మరో రెండు వందల బీడీలు చేసింది. మా వంశచరిత్రలో ఇంతకన్నా గొప్ప కొత్తవంట ఇంకోటి లేదని నేనంటాను.

ఇప్పుడు మా ఊళ్లలో మందీ హోటళ్లు వెలిశాయి. పెద్దపళ్లెం చుట్టూ నలుగురూ కూర్చుని తినే యెమెన్ దేశపు అన్నం అది. పిల్లలకు అదంటే ప్రాణం. తప్పేం లేదు. మక్క వచ్చినట్టే అదీ వచ్చింది. ఇంకో విచిత్రం చూడండి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. జొన్న కూడా ఆ జాబితాలోదే. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లను ఇప్పుడు జొన్నరొట్టె తినమంటున్నారు. తలుపు ఓరగా వేసుకుని తిన్న గట్క, రంగుల పొట్లంలో ఎక్కి కూర్చుంది. బాపమ్మ ఉంటే కడుపుబ్బ నవ్వేది.

ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. కొత్తవంటలు చెప్పమంది గదా, ఓ వారానికి సరిపడా చెప్పాను. మక్కగట్కలోకి టమాటా పప్పు. జొన్నరొట్టెలోకి చింతచిగురు మాంసం. సర్వపిండి, గడ్డపెరుగు. బొబ్బర గుడాలు, ఉల్లిగడ్డ. వేడన్నం, ముద్దపప్పు, పచ్చిపులుసు. ఆదివారం బగారన్నం, అది మాత్రం వాళ్ల నాన్న వంతు. అన్నీ కడుపునిండా తినేవే, అన్నీ ఎవరో ఒకరు పని మధ్యలో కనిపెట్టినవే. షరతు ఒక్కటే. "కొత్తది కావాలన్నవాళ్లే కొంగు బిగించాలి."

అది పౌరుషం గల పిల్ల. ఆ శనివారం సర్వపిండికి పూనుకుంది. రెండో సర్వ సంగతి మరిచిపోయి వేళ్లు చురుక్కుమనిపించుకుంది. మొదటిది మాడింది, రెండోది విరిగింది, మూడోది కుదిరింది. చూడాలనుకున్న సినిమా కాస్తా అయిపోయింది. మా అమ్మ ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది. చాట వదిలేసి ఏళ్లయినా, ఊరికే కూర్చుంటే ఆవిడ బొటనవేలూ చూపుడువేలూ ఇప్పటికీ కదులుతుంటాయి, లేని ఆకును చుడుతూ.

మనవరాలు పెట్టిన ముక్క కొరికి, నమిలి, "మంచిగ కాలింది" అంది. తర్వాత దాని ఎర్రబడ్డ వేళ్లు తన చేతిలోకి తీసుకుని అడిగింది.

"ఎన్ని వందలు పోయినయి బిడ్డా?"

పిల్లకు అర్థంకాక నా వైపు చూసింది. నేను మంచినీళ్ల చెంబు తేవాలన్న నెపంతో వంటింట్లోకి వెళ్లాను.